మనసు బాగా లేనప్పుడు హైదరాబాద్‌లో ఏ తలుపు తట్టాలి?

మన ఇళ్లలో కౌన్సెలింగ్ అనే మాటకు ఇప్పటికే రెండు అర్థాలు స్థిరపడిపోయాయి. మొదటిది ఎంసెట్ (ఇప్పటి పేరు ఎప్‌సెట్) కౌన్సెలింగ్. ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, ఏ కాలేజీ కోడు ముందు పెట్టాలన్న తగువు. రెండోది పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్. తాగి బండి నడిపిన కుర్రవాణ్ణి తండ్రి పక్కన కూర్చోబెట్టి చీవాట్లు పెట్టడం. పేపర్లో ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని రాస్తే లోపల ఏం జరిగి ఉంటుందో అందరం ఊహించుకోగలం. అందుకే లెక్చరర్ ఎవరైనా ‘ఒకసారి కౌన్సెలర్‌ను కలువమ్మా’ అనగానే ఆ పిల్ల ముఖం పాలిపోతుంది. తాను చేసిన తప్పేమిటో వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

ఇక్కడ చెప్పబోయేది మూడో అర్థం. నేను డాక్టరును కాను. నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. అంతకు ముందు పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో కౌన్సెలర్ ఎదుటి కుర్చీలో చాలా నెలలు కూర్చున్నాను. ఆ తర్వాత పిల్లలను వెంటబెట్టుకుని ఓపీ వరసల్లో నిలబడ్డాను. ఈ తిరుగుడులో నాకు తెలిసిన దారి చెబుతాను. సరైన తలుపు ఏదో తేలేదాకా బయటే నిలబడవద్దు. మొదట తట్టింది తప్పు తలుపైనా, అక్కడినుంచి పక్క తలుపు చూపించేవారు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఈ రాత్రే గడవదనిపిస్తే

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తూ ఉంటే మిగతాదంతా తర్వాత చదవవచ్చు. ఫోను తీసి 14416 నొక్కండి. దాని పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800-89-14416కి చేయండి. ప్రాణానికి ప్రమాదం కళ్లముందే ఉంటే 108 గాని 112 గాని. ఆంబులెన్సు వచ్చేలోపు గదిలో ఒంటరిగా ఉండకండి. పక్క గది తలుపు కొట్టండి. హాస్టల్లో ఎవరితోనూ మాటలు లేకపోతే వాచ్‌మన్ కుర్చీ పక్కన వెళ్లి కూర్చోండి. అతను కారణాలు అడగడు. అడిగినా ‘కడుపులో బాగా లేదు’ అంటే చాలు.

పోలీసు కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి వెళ్లనివారు ఉన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అలా కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదు. పైగా చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

మొదట ఒక కాగితం రాసుకోండి

ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందు చేయవలసిన పని ఇది. ఖర్చు లేనిది. కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని ‘చెప్పండి’ అన్న మాట వినగానే చాలామందికి గొంతు పట్టేస్తుంది. నేనైతే మొదటి రోజు పావుగంట సేపు నా గైడు రాసిన వ్యాసాల గురించి మాట్లాడి వచ్చాను. అందుకే ముందే రాసుకోండి. ఎప్పటినుంచి ఇలా ఉంది? నిద్ర ఎన్నింటికి పడుతోంది, ఎన్నింటికి మెలకువ వస్తోంది? తిండి ఎలా ఉంది? ఇదివరకు ఇష్టంగా చేసి ఇప్పుడు మానేసినవి ఏవి? ఒంట్లో ఎక్కడ ఏమవుతోంది? చావు ఆలోచనలు వస్తున్నాయా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా? వాడుతున్న మందులేవి? మద్యం, గంజాయి అలవాటు ఉంటే అదీ రాయండి. డాక్టరు తిట్టడానికి అడగరు, మందు ఎంచడానికి అడుగుతారు.

ఇక భాష. డిప్రెషన్, యాంగ్జయిటీ అనే మాటలు తెచ్చిపెట్టుకోవలసిన పని లేదు. ఏ పేరు పెట్టాలో చూసుకోవడం అవతలివారి పని. మన భాషలో మనసు గురించిన మాటలకు కొదవ లేదు. దిగులు వేరు, బెంగ వేరు, గాబరా వేరు, విసుగు వేరు. కొత్త హాస్టల్లో చేరిన పిల్లవాడికి ఉండేది బెంగ. ఇంటర్నల్స్ ముందు రాత్రి అరచేతులు తడిసిపోతే గాబరా. కారణమేదీ కనిపించకుండా నెలల తరబడి ఛాతీ మీద రాయి పెట్టినట్టు ఉండేది దిగులు. మూడింటికీ ఒకటే ఇంగ్లిషు మాట వాడితే వినేవాడికి తేడా అందదు. 

ఖమ్మం వైపునుంచి వచ్చిన ఒక విద్యార్థి నా దగ్గరికి ఇలాంటి కాగితమే తెచ్చాడు. లెక్కల నోట్‌బుక్‌లోనుంచి చింపిన పేజీ. ‘నిద్ర: రెండు నుంచి ఐదు. తిండి: మెస్‌లో సాంబారు వాసనకే కడుపులో తిప్పుతోంది. క్రికెట్ మానేశాను. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, తర్వాత చార్జింగ్ లేదని అబద్ధం చెబుతున్నాను.’ చివరి వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు. డాక్టరు ఆ కాగితం చదివి ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. ఆ చివరి వాక్యం దగ్గరే మాట మొదలుపెట్టారు.

ఎన్నాళ్లు ఆగాలి అని అడుగుతారు. డిప్రెషన్ తీవ్రతను అంచనా వేయడానికి ఆసుపత్రుల్లో వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. అది ప్రతి ప్రశ్నలోనూ ‘గత రెండు వారాలుగా’ అని అడుగుతుంది. మీరూ అదే కొలత పెట్టుకోవచ్చు. రెండు వారాలుగా దాదాపు రోజూ ఇలాగే ఉండి, చదువూ తిండీ నిద్రా దెబ్బతింటుంటే వెళ్లవలసిందే. సెమిస్టరు అయ్యాక చూద్దాం అనుకోవద్దు. సెమిస్టరు తర్వాత సప్లీ ఉంటుంది, సప్లీ తర్వాత ప్లేస్‌మెంట్ ఉంటుంది.

ఎవరు ఏ పని చేస్తారు

సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలర్. బోర్డులు చూస్తే ముగ్గురూ ఒకటే అనిపిస్తారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. ఈ ముగ్గురిలో మందులు రాసే అధికారం ఆయనకే ఉంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారి పేరు నమోదై ఉండాలి. ఆర్‌సీఐ నంబరు ఎంతండీ అని అడిగితే అర్హత ఉన్నవారు నొచ్చుకోరు, చెబుతారు. ఇక కౌన్సెలర్ అనే మాట మాత్రం ఊరందరిదీ. సైకాలజీలో పీజీ చేసి, శిక్షణ పొంది చక్కగా పనిచేసేవారు ఉన్నారు. వారాంతపు కోర్సు చేసి బోర్డు కట్టినవారూ ఉన్నారు. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, విద్యార్థులను చూస్తారా అని మొహమాటపడకుండా అడగండి. హిప్నాటిజంతో ఒక్క రోజులో మార్చేస్తామన్న బోర్డు కనిపిస్తే ముందుకు సాగిపోండి.

కింది లెక్క స్థూలంగా పనికొస్తుంది. నిద్ర పూర్తిగా పోయినా, బరువు తగ్గిపోతున్నా, చావు ఆలోచనలున్నా, ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తున్నా నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ప్రేమ చెడిపోవడం, రూమ్మేట్‌తో పడకపోవడం, స్టేజీ భయం, ఇంట్లో గొడవలు, ఏ కోర్సులో చేరానురా దేవుడా అన్న పశ్చాత్తాపం లాంటివైతే మంచి కౌన్సెలర్‌తో మొదలుపెట్టవచ్చు. తేడా తెలియకపోతే ఎవరి దగ్గరికైనా వెళ్లండి. పని తెలిసినవారు తమ పరిధి దాటిందనిపిస్తే వారే పంపుతారు.

కాలేజీ లోపల ఏముందో చూడండి

డబ్బు ఖర్చు కానిది, నడిచి వెళ్లగలిగేది ఇదే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేక కేంద్రమే ఉంది. కందిలోని ఐఐటీలో ‘సన్‌షైన్’ అనే పేరుతో విద్యార్థుల కౌన్సెలింగ్ విభాగం నడుస్తోంది. మీది ఇంత పెద్ద సంస్థ కాకపోవచ్చు. అయినా అడగండి. సుప్రీంకోర్టు 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో తీర్పు చెబుతూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ‘మన కాలేజీలో కౌన్సెలర్ ఎవరు సార్, ఏ రోజుల్లో వస్తారు?’ అని ఆఫీసులో అడగడానికి ఇప్పుడు మీకు ఒక ఆధారం ఉంది. నలుగురు కలిసి అడిగితే ఎవరికి అవసరమన్న ప్రశ్నే రాదు.

కాలేజీ కౌన్సెలింగ్‌తో ఒక చిక్కు ఉంది, దాచడం దేనికి. నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక చోట కౌన్సెలింగ్ గదిని సరిగ్గా ప్రిన్సిపాల్ గదికి ఎదురుగా పెట్టారు. బయట బెంచీ మీద కూర్చున్నవారిని ఫీజు కట్టడానికి వచ్చిన ప్రతి విద్యార్థీ చూసేవాడు. ఏడాదిలో ఆ బెంచీ మీద కూర్చున్న వాళ్లకంటే దాని మీద పెట్టిన రికార్డు పుస్తకాలే ఎక్కువ. మీ దగ్గరా అంతే అయితే ఫోనులోనో మెయిల్లోనో అపాయింట్‌మెంట్ తీసుకుని, అందరూ క్లాసుల్లో ఉండే పీరియడ్‌లో వెళ్లండి. లోపలికి వెళ్లగానే మొదటి ప్రశ్న మీరే వేయండి. ‘నేను చెప్పేది మీ రిజిస్టరులో ఎలా రాస్తారు? ఎవరు చూస్తారు?’ అని. మానసిక అనారోగ్యం, చికిత్సల వివరాలు గోప్యంగా ఉండాలని పైన చెప్పిన 2017 చట్టంలోని 23వ సెక్షను చెబుతోంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, మరి కొన్ని ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే మినహాయింపు. కౌన్సెలర్ సూటిగా జవాబు చెబితే కూర్చోండి. ‘అవన్నీ నీకెందుకు, ముందు నీ సంగతి చెప్పు’ అంటే ఆ రోజుకు స్టేజీ భయం గురించి మాట్లాడి వచ్చేయండి.

పద్దెనిమిది నిండని మొదటి సంవత్సరం పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి. చట్టం దృష్టిలో మీరు మైనర్లు కాబట్టి చికిత్స విషయంలో తల్లిదండ్రుల ప్రమేయం తప్పదు.

సమస్య ర్యాగింగ్ అయితే కౌన్సెలర్ ఒక్కరే చాలరు. జాతీయ ర్యాగింగ్ నిరోధక సహాయ కేంద్రం నంబరు 1800-180-5522. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఫోనులో మాట్లాడటం

ముఖాముఖి ధైర్యం చాలనివారికి ఫోను మంచి మెట్టు. టెలి మానస్‌కు చేయగానే ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది. తెలుగు నొక్కాక మనిషి వస్తారు. ఆ మధ్యలో వినిపించే సంగీతం దగ్గరే చాలామంది పెట్టేస్తారు. పెట్టేయకండి. అసలు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు. అవసరమనుకుంటే వాళ్లే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రి చెబుతారు.

రోష్ని అని సికింద్రాబాద్ వైపు ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. శిక్షణ పొందిన వలంటీర్లు మాట్లాడతారు. 040-66202000. ఉదయం 11 నుంచి రాత్రి 9 వరకు. వాళ్లు సలహాలు ఇవ్వరు, వింటారు. సలహా కోసం చేసినవారికి ఇది వెలితిగా అనిపించవచ్చు. మన చుట్టూ సలహాలు ఇవ్వనివారు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకుంటే ఆ సేవ విలువ తెలుస్తుంది.

హాస్టల్ గదిలో నలుగురుంటే ఎక్కడినుంచి మాట్లాడాలన్నది నిజమైన సమస్య. డాబా మీదికి ఒంటరిగా వెళ్లవద్దు, ముఖ్యంగా మనసు బాగా లేని రోజున. ట్యాంక్‌బండ్ మీదికీ వద్దు. దగ్గరి పార్కు బెంచీ మేలు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ మాట్లాడితే ఇంటికి ఫోన్ చేసుకుంటున్నారనే అనుకుంటారు. రాత్రి పూట కంప్యూటర్ చాట్‌బాట్లతో గోడు వెళ్లబోసుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. కాస్త బరువు దిగితే దిగనివ్వండి గాని, తెల్లారాక మనిషికి చెప్పడం మానవద్దు.

ఎర్రగడ్డ సంగతి

‘నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా’ అన్న తిట్టు తినకుండా హైదరాబాద్‌లో పెరిగినవారు అరుదు. ఒక పేట పేరే తిట్టుగా మారిపోవడం వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి. నెలకు మూడు వేల మెస్ బిల్లు కట్టడానికే తడుముకునే విద్యార్థికి, సైకియాట్రీ డాక్టర్లు, సైకాలజిస్టులు ఒకే ఆవరణలో దొరికే చోటు ఇదే.

వెళ్లడం ఎలాగంటే, మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో ఎక్కి ఎర్రగడ్డ స్టేషన్లో దిగండి. అదే ప్రాంతంలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. ఆటో ఎక్కి ‘ఎర్రగడ్డ దవాఖానా’ అంటే ‘ఏది, ఛాతీదా, మెంటల్‌దా?’ అని గట్టిగా అడుగుతాడు. అడిగితే అడగనివ్వండి. నేను మొదటిసారి ఒక అమ్మాయిని తీసుకువెళ్లినప్పుడు ఆ ప్రశ్నకు ఇద్దరం ఒకేసారి ‘ఛాతీ’ అనేశాం. తర్వాత అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చాం.

ఓపీ పొద్దున పూటే. తొమ్మిదికల్లా అక్కడుంటే మధ్యాహ్నం లోపు బయటపడవచ్చు. ఆధార్ కార్డు, నీళ్ల సీసా, ఏదైనా తినేది, పాత చీటీలు, మీరు రాసుకున్న కాగితం వెంట ఉండాలి. కౌంటర్లో చీటీ రాయించుకున్నాక వరసలో కూర్చోవాలి. ఆ వరస చూస్తే మీ భయం సగం పోతుంది. నేను చూసిన రోజున మా పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి, చంకలో పసిబిడ్డతో ఒక బాలింత, సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని మేడ్చల్ వైపునుంచి వచ్చిన ముసలాయన ఉన్నారు. ముసలాయన మా అమ్మాయిని ‘నీకు నిద్ర పడుతుందా బిడ్డా? నాకు పట్టదు’ అని పలకరించాడు. ఆ పిల్ల నెల రోజుల్లో ఎవరికీ చెప్పని మాట ఆయనకు చెప్పింది. ‘పట్టదు తాతా.’

లోపల మొదట పీజీ చదువుతున్న జూనియర్ డాక్టరు వివరాలు రాసుకుంటారు, తర్వాత పెద్ద డాక్టరు చూస్తారు. చెప్పిందే రెండుసార్లు చెప్పవలసి వస్తుంది. గదిలో ఇంకో బల్ల దగ్గర ఇంకొకరు మాట్లాడుతూ ఉండవచ్చు. ఏకాంతం తక్కువ, సమయం తక్కువ. ఇది ప్రభుత్వాసుపత్రి, ఈ లోటు ఉన్నదే. విడిగా మాట్లాడాలి డాక్టరు గారూ అని అడిగితే సాధారణంగా కాదనరు. మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు.

ఎర్రగడ్డ పేరు చెబితేనే కాళ్లు ఆడకపోతే, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. గాంధీ ఆసుపత్రికి అదే పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. అన్ని రోగాలకూ వచ్చే జనంలో మీరు ఏ గదికి వెళుతున్నారో ఎవరూ పట్టించుకోరు. పంజాగుట్ట నిమ్స్‌లోనూ చూస్తారు. ఉచితం కాదు గాని కార్పొరేట్ ఆసుపత్రులంత బిల్లు వేయరు. నాన్నగారికి ఈఎస్ఐ కార్డు ఉంటే చదువుకుంటున్న పిల్లలకు 21 ఏళ్ల వరకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దారీ ఉంది. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు కొందరు పొరపాటున వెళుతుంటారు. అది బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం.

డబ్బు పెట్టగలిగితే

ప్రైవేటులో ఒక్కో సిట్టింగ్‌కు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ మొదలై రెండు వేలు దాటిపోతుంది. నలభై ఐదు నిమిషాల నుంచి గంట సేపు మాట్లాడతారు. ఫోనులోనే ఫీజు ఎంత, విద్యార్థులకు తగ్గిస్తారా, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి అని అడిగేయండి. ఒకేసారి పది సిట్టింగుల ప్యాకేజీ కట్టించుకోవాలని చూస్తే కట్టవద్దు. ఒక్కటి కట్టి, కూర్చుని చూడండి.

అన్నిటికంటే ముందు అడగవలసింది తెలుగులో మాట్లాడతారా అని. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు చాలా క్లినిక్కుల్లో సంభాషణ ఇంగ్లిషులోనే సాగుతుంది. ఇంగ్లిషు రాకే కాలేజీలో కుంగిపోతున్న పిల్లవాడు అదే ఇంగ్లిషులో తన కుంగుబాటు చెప్పుకోవలసి రావడం ఎంత విడ్డూరమో చూడండి. ఉర్దూ, హిందీ అయినా సరే, మీకు ఏడుపు ఏ భాషలో వస్తుందో ఆ భాష తెలిసినవారినే ఎంచుకోండి. అమ్మాయిలు మహిళా కౌన్సెలరే కావాలని అడగవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఆరోగ్య బీమా ఉంటే ఒకసారి కాగితాలు తిరగేయండి. మానసిక అనారోగ్యానికీ శరీర రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం 21వ సెక్షను చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి, ఓపీ ఫీజు మన జేబులోనుంచే.

మొదటి సిట్టింగ్, ఆ తర్వాత

మొదటి రోజు అద్భుతాలేవీ జరగవు. ఎక్కువగా వివరాలు సేకరించడంతోనే సరిపోతుంది. బయటికి వచ్చాక ఇంకాస్త నీరసంగా కూడా ఉండవచ్చు. ఆ రోజు ల్యాబు పరీక్ష పెట్టుకోకండి. రెండు మూడు సార్లు వెళ్లాక కూడా వారితో మాట కలవకపోతే, లేదా మీ కులం, మతం, ప్రేమ గురించి నీతులు చెబుతుంటే మనిషిని మార్చండి. చెప్పులు కొనేటప్పుడు నాలుగు జతలు వేసి చూసుకునే మనం, ఇక్కడ మాత్రం మొదటి జత కరిచిందని నడకే మానేస్తాం.

మందులు రాస్తే భయపడేవారే ఎక్కువ. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే మందులు నిద్రమాత్రలు కావు. వాటికి బానిసలైపోతామన్నది అపోహ. కాకపోతే వాటి గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటివి ముందు వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే పిల్లలు మాత్రలు పడేస్తారు. మొదటి వారాల్లో కంగారు పెరిగినా, చావు ఆలోచనలు ఎక్కువైనా వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాగయ్యాక కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, మెల్లగా తగ్గించాలి. ముందు రక్తపరీక్షలు రాస్తే డబ్బు గుంజడానికి అనుకోకండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 తక్కువ కావడం కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి.

ఇంట్లో ఎలా చెప్పాలి? పద్దెనిమిది దాటితే చెప్పి తీరాలన్న నిబంధన లేదు. చెప్పాలనుకుంటే మాత్రం ముందు ఒక్కరికే చెప్పండి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వారికి కాదు, ఎవరు వింటారో వారికి. చాలా ఇళ్లలో అది పిన్నో మేనమామో అవుతుంది. ‘పిచ్చి పట్టిందా’ అన్న మాట రావచ్చు, ‘పెళ్లి ఎలా అవుతుంది’ అన్న మాట తప్పక వస్తుంది. దిష్టి తీస్తామంటే తీయించుకోండి, దర్గాకు తీసుకువెళతామంటే వెళ్లండి. వాదన పెట్టుకుని ఓపిక పోగొట్టుకోవడం దేనికి, మాత్ర మాత్రం వేళకు వేసుకోండి.

స్నేహితుడి కోసం ఇది చదువుతున్నవారికి ఒక మాట. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగండి. ‘ఏమీ కాదులే, సినిమాకు పోదాం పద’ అనకండి. అవునంటే ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి.

చివరిగా హాజరు గొడవ. చికిత్స కోసం పోయిన రోజులకు సైకియాట్రిస్టు ఇచ్చే సర్టిఫికెట్ జ్వరానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో సమానమే. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షనే. కాబట్టి సెమిస్టరు చివరిదాకా ఆగకుండా, మొదటిసారి ఓపీకి వెళ్లిన రోజే తేదీ వేసిన చీటీని జిరాక్సు తీయించుకోండి. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు వివరంగా రాయకుండా ‘చికిత్స పొందుతున్నారు, విశ్రాంతి అవసరం’ అని మాత్రమే రాయమని డాక్టరును అడగవచ్చు. ఆఫీసులో ఇచ్చేటప్పుడు కవరులో పెట్టి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఎర్రగడ్డలో దిగినప్పుడు జిరాక్సు దుకాణం వెతుక్కోవలసి వస్తే మెట్రో మెట్లు దిగిన వైపే ముందు చూడండి. మెయిన్ రోడ్డు దాటడం అక్కడ చికిత్స కంటే కష్టం.